తార్నాకలో కర్కడే

పొద్దుగూకే వేళ తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు నడుస్తుంటే దారి పక్కన కూరగాయల బండ్లు కనిపించాయి. ఒక బండి దగ్గర పొడుగాటి కుర్రాడొకడు ఎర్రకాడల పుంటికూర కట్టను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. సూడాన్ నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాడు.

"పువ్వు లేదా, అమ్మా?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"పువ్వెందుకు బిడ్డా? ఆకు తీస్కపో, పప్పుల ఏస్కో. మస్తుంటది" అంది బండామె.

అతను ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. పళ్లెం నిండా ఎండబెట్టిన ముదురెరుపు రేకలు, పక్కన గాజు గ్లాసులో అదే రంగు షర్బత్. ఆమె వంగి చూసింది. "అరె, ఇది మా చేన్ల గోగుకాయ గద!" అంది.

ఆమె గుర్తుపట్టింది సరిగ్గానే. ఆంధ్రలో గోంగూర అని, తెలంగాణలో పుంటికూర అని పిలుచుకునే ఎర్రకాడల మొక్క, సూడాన్‌లో కర్కడే మొక్క రెండూ ఒకటే. వృక్షశాస్త్రంలో దాని పేరు హైబిస్కస్ సబ్దరిఫా. మనం ఆకు తింటాం. వాళ్ళు పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రేకల్ని ఎండబెట్టి నీళ్ళలో నానబెడతారు. ఎండాకాలం చల్లగా, చలికాలం వేడిగా తాగుతారు. పులుపు మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఉస్మానియాలో, దాని పక్కనే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో విదేశీ విద్యార్థుల బతుకు ఎలా సాగుతోందో చూడాలని బయల్దేరిన నాకు మొదటి పాఠం ఆ బండి దగ్గరే దొరికింది. విశ్వవిద్యాలయం వాళ్ళకి సీటిస్తుంది, హాస్టల్ గది ఇస్తుంది, పట్టా ఇస్తుంది. ఊరు ఇవ్వాల్సింది మాత్రం ఊరే ఇవ్వాలి.

ఉన్నత విద్యపై కేంద్రం జరిపే అఖిల భారత సర్వే 2021-22 లెక్క ప్రకారం మన దేశంలో చదువుతున్న విదేశీ విద్యార్థులు 46,878 మంది. 170 దేశాల నుంచి వచ్చినవాళ్ళు. వీళ్ళలో నేపాల్ వాళ్ళే దాదాపు 28 శాతం. ఆ తర్వాతి వరసలో అఫ్ఘానిస్తాన్, అమెరికా, బంగ్లాదేశ్ ఉన్నాయి. అదే 2023-24లో ఒక్క అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. వాళ్ళలో మన తెలుగు పిల్లలు ఎందరో ఏ వీధిలో అడిగినా తెలుస్తుంది. పిల్లాడు డాలస్‌లో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి ఎవరొచ్చారు, మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు అని ఇక్కడ తల్లులు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. అలాంటి తల్లులే ఖార్టూమ్‌లో, దారెస్సలామ్‌లో, హెరాత్‌లో హైదరాబాద్ గురించి అవే ప్రశ్నలు అడుగుతుంటారు.

మర్నాడు ఉదయం ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడితే, నడకకు వచ్చిన చుట్టుపక్కల కాలనీల పెద్దవాళ్ళు, మెట్ల మీద పోటీపరీక్షల పుస్తకాలతో కూర్చున్న నిరుద్యోగులు, ఫొటోలు దిగుతున్న కొత్త జంటలు కనిపించారు. 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉర్దూ మాధ్యమంతో మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం ఇది. బోధన ఒక భారతీయ భాషలో సాగాలన్న పట్టుదలతో పుట్టిన ఈ చదువులగుడికి భవనం కట్టింది మాత్రం దేశదేశాల చేతులు. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు విదేశాల్లోని విశ్వవిద్యాలయాలు చూసిరావడానికి వెళ్ళారు. ఆ యాత్రలోనే కైరోలో పనిచేస్తున్న బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ దొరికాడు. 1939 డిసెంబరులో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీలో అజంతా ఎల్లోరాలను తలపించే స్తంభాలు, అరబ్బు కమానులు పక్కపక్కనే నిలబడ్డాయి. ఆ కమాను కింద నుంచి ఇద్దరు యెమెన్ విద్యార్థులు అరబ్బీలో ఏదో వాదించుకుంటూ వెళ్ళారు. వాళ్ళని వింతగా చూసినవాళ్ళు లేరు.

లోపలి బతుకు అంత సాఫీ కాదు. 180 రోజులకు మించిన విద్యార్థి వీసాతో దిగినవాళ్ళు 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. ఇల్లు అద్దెకిచ్చిన యజమాని కూడా ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి. ఈ కాగితం పేరు వినగానే చాలామంది ఇంటివాళ్ళు వెనక్కి తగ్గుతారు. కాగితానికి జంకేవాళ్ళు కొందరు. చర్మం రంగు చూసి తలుపు మూసేవాళ్ళు ఇంకొందరు. టాంజానియా నుంచి వచ్చిన బీటెక్ విద్యార్థి ఒకతను గది కోసం తిరిగిన వీధుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. "ఫోన్లో ఖాళీ ఉందంటారు. మనిషిని చూశాక నిన్ననే ఇచ్చేశామంటారు." అతని గొంతులో కోపం లేదు. అలవాటైపోయిన అలసట ఉంది. అది కోపం కన్నా ఎక్కువ బాధపెట్టింది.

చివరికి అతనికి గది దొరికింది ఒక మెస్సు నడిపే పెద్దావిడ ఇంటి మేడమీద. ఆవిడ సొంత ఊరు మహబూబ్‌నగర్ వైపు. మొదటివారంలోనే అతను కిరాణా కొట్లో మక్కపిండి కొనుక్కొచ్చి, మరుగుతున్న నీళ్ళలో పోసి, గరిటెతో గట్టిగా కలిపి ఉగాలి వండుకుంటుంటే ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. "ఇది మా గటకే గదరా! నీకెవరు నేర్పిండ్రు?" అని అడిగింది. వాళ్ళమ్మ అని చెప్పాడు. ఆ రోజు నుంచి ఆదివారాలు ఇద్దరిదీ ఒకే పొయ్యి. అతను ఉగాలి ముద్దని కుడిచేత్తో తీసుకుని, బొటనవేలితో గుంట చేసి, అందులో పులుసు నింపుకుని తింటాడు. ఆవిడ జొన్న సంకటి తినే తీరూ అదే. "అక్కా" అని మొదలుపెట్టినవాడు ఇప్పుడు "అమ్మా" అంటున్నాడు.

మాటలూ అలాగే కలిశాయి. స్వాహిలీలో కొట్టుని దుకా అంటారు, ప్లీడరుని వకీలి అంటారు. చాయ్ చాయే, చపాతీ చపాతీయే. హిందూ మహాసముద్రం మీద వందల ఏళ్ళు సాగిన వర్తకం ఈ మాటల్ని రెండు తీరాలకూ పంచింది. "మొదటి నెల్లో నాకు వచ్చిన తెలుగంతా మా భాషే" అన్నాడు అతను. "దుకాణం ఎక్కడ అని అడిగేవాణ్ణి. దారి చూపించేవాళ్ళు."

ఉస్మానియా ఆవరణ దాటి అడుగేస్తే ఇఫ్లూ. 1958లో ఇంగ్లిష్ ఉపాధ్యాయుల శిక్షణ కోసం పెట్టిన సంస్థ 1972లో విదేశీ భాషల్నీ కలుపుకుంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. భారత ప్రభుత్వం 1964లో మొదలుపెట్టిన సాంకేతిక, ఆర్థిక సహకార పథకం (ఐటెక్) కింద ఆసియా, ఆఫ్రికా దేశాల వాళ్ళు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి ఇక్కడికి వస్తుంటారు. ఆవరణలోనే పాతకాలపు మెట్లబావి ఉంది. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో హైదరాబాద్‌ని ఏలిన నిజాముల కొలువులో పేరుపొందిన కవయిత్రి మహలఖా బాయి చందా కాలంనాటిది. ఈ నేలంతా ఒకప్పుడు ఆమె జాగీరే. బావి గట్టు మీద ఒక తెలుగమ్మాయి అరబ్బీ నోటుపుస్తకం తెరిచి కూర్చుంటే, ఎదురుగా యెమెన్ అమ్మాయి ఆమె ఉచ్చారణ దిద్దుతోంది. గొంతులోంచి పలకాల్సిన ఒక అక్షరం దగ్గర తెలుగమ్మాయి నాలుగుసార్లు తడబడింది, అయిదోసారి సరిగ్గా పలికింది. బదులుగా తెలుగు "ళ" నేర్పడం ఆమె వంతు. "కాదు, కల కాదు, కళ" అంటూ నాలుక మడిచి చూపించింది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం సరదాకే పరిమితం కాలేదు. వైద్యం కోసం యెమెన్, ఒమన్, సూడాన్, సోమాలియాల నుంచి ఎందరో రోగులు హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తుంటారు. డాక్టరు చెప్పింది వాళ్ళకి అందాలి, వాళ్ళ నొప్పి ఎక్కడో డాక్టరుకి తెలియాలి. ఇక్కడ అరబ్బీ చదివిన తెలుగు పిల్లలకు దుబాసీ పని బతుకుతెరువు అయింది. విదేశీ విద్యార్థి వీసా మీద జీతం తీసుకుని పనిచేయడానికి వీల్లేదు. అయినా సొంత ఊరి మనిషి ఆసుపత్రి వరండాలో బిక్కుబిక్కుమంటుంటే వాళ్ళు వెళ్ళకుండా ఉండరు. ఆ యెమెన్ అమ్మాయి రెండు రాత్రులు ఒక ముసలావిడ మంచం పక్కన కూర్చుంది. మూడోరోజు అదే వార్డులో నల్గొండ నుంచి వచ్చిన కుటుంబం ఈమెకు ఇడ్లీ పొట్లం పెట్టింది. "ఎవరి తాలూకు అమ్మా నువ్వు?" అని అడిగారట. ఆ ప్రశ్న ఆమెకి బాగా నచ్చింది. అర్థం అడిగి తెలుసుకుని రాసిపెట్టుకుంది.

హైదరాబాద్‌కి ఇది కొత్తేమీ కాదు. పాతబస్తీ దాటాక వచ్చే బార్కస్ పేరు బ్యారక్స్ నుంచి పుట్టింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరినవాళ్ళ సంతతి అక్కడ ఉంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం వెనక ఉన్నది ఆ అరబ్బుల హరీసే. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా అశ్వికదళం నివసించిన చోటు. వాళ్ళ వారసులైన సిద్దీలు నేటికీ ఉన్నారు. వాళ్ళు వాయించే మర్ఫా దరువు లేకుండా హైదరాబాద్‌లో చాలా పెళ్ళి ఊరేగింపులు కదలవు. టాంజానియా విద్యార్థికి ఈ సంగతి చెప్పింది ఒక ఆటో డ్రైవరు. కుర్రాడు మర్నాడే వెళ్ళి ఆ వీధంతా తిరిగొచ్చాడు. తనలాంటి ముఖాలు తెలుగులో, ఉర్దూలో మాట్లాడుకుంటుంటే చాలాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాడట.

విశ్వవిద్యాలయాలు చేస్తున్నది తక్కువేం కాదు. విదేశీ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ వాళ్ళకోసం ఒక కార్యాలయం ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మరుసటి ఏడాది యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ చాలాచోట్ల స్థానికులతో వీళ్ళ సంబంధం ఏడాదికోసారి వేదిక ఎక్కడంతో ముగిసిపోతుంది. జాతీయ దుస్తులు, ఒక నాట్యం, ఒక జ్ఞాపిక, గ్రూప్ ఫొటో. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు, వాళ్ళ పేర్లు అడగరు. మనిషి ఒక ఊళ్ళో కుదురుకునేది ఆ ఊరికి తనతో పని పడినప్పుడు. "వచ్చే శనివారం తప్పకుండా రావాలి" అని ఎవరో అన్నప్పుడు.

అలా అనేవాళ్ళు క్యాంపస్ గోడ అవతలి బస్తీలో ఉన్నారు. శనివారం మధ్యాహ్నం ఒక రేకుల షెడ్డులో ఇరవైమంది పిల్లలకు తెలుగు విద్యార్థులు పాఠాలు చెబుతుంటే, టాంజానియా అతను లెక్కలు అందుకున్నాడు. సుద్దముక్కతో రెండు కొండలు గీశాడు. ఎవరెస్ట్ 8,849 మీటర్లు, కిలిమంజారో 5,895 మీటర్లు. తేడా ఎంత? ఒక పిల్ల 2,954 అని అరిచింది. వెనక నుంచి ఒకడు లేచాడు. "అన్నా, మీ ఊళ్ళె సింహాలు రోడ్డు మీద తిరుగుతయా?" అతను నవ్వాడు. "మాది పెద్ద పట్నం, తమ్మీ. నేను మొదటి సింహాన్ని చూసింది మీ జూ పార్కులో." షెడ్డంతా ఘొల్లుమంది. ఆ తర్వాత ఆఫ్రికా గురించి వాళ్ళడిగిన ప్రశ్నలు మారిపోయాయి. మీ బడి ఫీజెంత, మీ అమ్మ ఏం పనిచేస్తది, మీకు కరెంటు పోతదా.

హెరాత్ నుంచి వచ్చిన అఫ్ఘాన్ అమ్మాయిది వేరే కథ. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్ళింది. 2022 డిసెంబరులో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూసేశారు. ఈమె ఎంఏ పూర్తిచేసింది. వెనక్కి వెళితే ఆ పట్టా చూపించుకునే చోటు లేదు. హెరాత్ గడియారం మనకన్నా ఒక గంట వెనక నడుస్తుంది. ఇక్కడ రాత్రి తొమ్మిదయ్యాక ఫోన్ ముందు కూర్చుని అక్కడి ముగ్గురు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంది. పోయిన బతుకమ్మకు హాస్టల్ అమ్మాయిలు తంగేడు పూలు పేర్చడం నేర్పారు. పాట రాకపోయినా చప్పట్ల వరస పట్టుకుంది. ఆ రాత్రి పాఠంలో ఆ పిల్లలకు పూల పేర్లు ఇంగ్లిష్‌లో చెప్పించింది. తంగేడుకి మాత్రం తెలుగు పేరే ఉంచేసింది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ తార్నాక బండి దగ్గర ఆగాను. సూడాన్ కుర్రాడు అక్కడే ఉన్నాడు. చేతిలో నీళ్ళ సీసా, అందులో ఎర్రటి కర్కడే. మిత్రుడెవరో కైరో నుంచి తెచ్చిన గుప్పెడు రేకల్లో ఆఖరివి నానబెట్టాడట. 2023 ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో మొదలైన యుద్ధం వాళ్ళ ఇంటిని ఖాళీ చేయించింది. అమ్మానాన్నలు పోర్ట్ సూడాన్‌లో చుట్టాలింట్లో ఉన్నారు. ఇంటి నుంచి డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేని పరిస్థితి.

బండామె మూత తీసి ఒక గుక్క తాగింది. కళ్ళు చికిలించింది. "పుల్లగుంది. చక్కెర తక్కువైంది." ఇంకో గుక్క తాగింది. "మీ అమ్మ మాట్లాడిందా నిన్న?"

మాట్లాడిందని తలూపాడు.

"సంక్రాంతికి మా ఊరు పోత. చేను గట్టు మీద గోగుకాయలు మస్తుంటయి, ఎవరు తెంపరు. సంచి నింపుక వస్త. ఎట్ల ఎండబెట్టాల్నో మీ అమ్మను అడిగి పెట్టు."

అతను అక్కడే ఫోన్ తీసి పోర్ట్ సూడాన్‌కి కాల్ కలిపాడు. అవతల ఎత్తగానే ఫోన్‌ని ఆమెకి అందించాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని అందుకుంది.