అమ్మ ఏరిన బియ్యం

మా ఇంట్లో కుక్క ఉందని ఈ పత్రికలో రాసుకోవటానికి కొంచెం మొహమాటంగానే ఉంది. పండక్కి మా ఇంటికొచ్చే మిత్రుల్లో సగంమంది గుమ్మంలోనే నిలబడి "కట్టేశారా?" అని అడిగిగాని లోపలికి రారు. అయినా మన కుటుంబాల్లో కుక్కలు పెరుగుతూనే ఉన్నాయి. పిల్లలు పట్టుబడతారు, పెద్దలం తలొగ్గుతాం. అందుచేత మాకు జరిగిన పరాభవం మీకు చెప్పుకోవటంలో తప్పులేదనిపించింది.

మేమిద్దరం డాక్టర్లమే. ఒకరిది ఇంటర్నల్ మెడిసిన్, మరొకరిది మత్తుమందు. ఈ సంగతి ముందే చెబుతున్నది గొప్పకు కాదు, తర్వాత మీరు నవ్వుకోవటానికి.

2022 వేసవిలో అమ్మ వచ్చింది. వచ్చిన మర్నాటినుంచే బియ్యం ఏరటం మొదలుపెట్టింది. ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవమ్మా అంటే వినదు. స్టీలు పళ్ళెంలో పోసుకుని ఫామిలీ రూములో టీవీ ముందు కూర్చుంటుంది. ఆ పక్కనే రాజా దుప్పటి. రాజా అంటే మేము షెల్టరునుంచి తెచ్చుకున్న గోధుమరంగు కుక్క. అమ్మ దాన్ని పేరుపెట్టి పిలిచేది కాదు, "ఆ కుక్క" అనేది. మూడేళ్ళ మా పాపకు మాత్రం దాని మెడమీద తలపెట్టుకుంటేగాని మధ్యాహ్నం నిద్ర పట్టదు.

ఆగస్టు చివర్లో రాజా దుప్పటి మీద రెండుమూడు తెల్లని గింజలు కనిపించాయి. పళ్ళెంలోంచి జారాయనుకుని దులిపేశాం. నాలుగు రోజులకు మళ్ళీ కనిపించాయి. "అమ్మా, ఆ బియ్యమేదో వంటింట్లో కూర్చుని ఏరుకోరాదూ?" అన్నాం. అమ్మ మారుమాట్లాడకుండా పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో పాప వెనకవైపు గోక్కోవటం మొదలుపెట్టింది. చెడ్డీలో తెల్లగా ఏదో కనిపించింది. ఇద్దరం ఒకేసారి "నులిపురుగులు" అన్నాం. ప్రీస్కూలుకు వెళ్ళే పిల్లల్లో అంతకంటే మామూలు సంగతి ఏముంది? చీటీ లేకుండా మందులషాపులో దొరికే పైరాంటెల్ తెచ్చి వేశాం. రెండు వారాలాగి మళ్ళీ వేశాం. పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉతికాం. సొంత పిల్లలకు సొంత వైద్యం కూడదని ఊరందరికీ చెప్పేవాళ్ళం మేమే. మందు వేసినా ఆ తెల్లనివి ఆగలేదు.

ఒక శనివారం పొద్దున్నే అమ్మ కేక వేసింది. వెళ్ళి చూస్తే రాజా దుప్పటి దగ్గర వంగి నిలబడి ఉంది.

"ఒరేయ్, ఇటు రా. ఇది నేను ఏరిన బియ్యం కాదు. బియ్యం కదులుతుందట్రా ఎక్కడైనా?"

నిజంగానే కదులుతోంది. ఒక కొస సాగదీసుకుని, మళ్ళీ దగ్గరకు ముడుచుకుని, దుప్పటి నూలు మీద నెమ్మదిగా జరుగుతోంది. పక్కన ఎండిపోయినవి కొన్ని నువ్వుగింజల్లా పసుపుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. రాజా తోక ఎత్తి చూస్తే అక్కడి వెంట్రుకలకు మరో రెండు అంటుకుని ఉన్నాయి. ఇద్దరు డాక్టర్లున్న ఇంట్లో అన్నాళ్ళూ ఆ తోక ఎత్తి చూద్దామని ఎవరికీ తోచలేదు.

ఆ గింజను ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వెటర్నరీ డాక్టరు దగ్గరకు వెళ్ళాం. ఆవిడ ఒక్క చూపు చూసి టేప్‌వర్మ్ అంది. మన పాఠ్యపుస్తకాల్లో బద్దెపురుగు. కుక్కల్లో మామూలుగా కనబడేది డిపైలిడియం కేనినమ్. ఈ పేరు మేము ఒకప్పుడు పరీక్షకోసం బట్టీపట్టి, పరీక్ష అయిన సాయంత్రమే మరిచిపోయిన పేర్లలో ఒకటి. గింజలా కనిపించేది పురుగు కాదు, పురుగు చివరనుంచి తెగిపడిన ముక్క. దాని లోపల గుడ్లు పొట్లాలుగా ఉంటాయి. అసలు పురుగు పేగు గోడను పట్టుకుని లోపలే కూర్చుంటుంది. అడుగున్నర పొడవుదాకా కూడా పెరగగలదు.

"జూన్‌లో మలపరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారే" అని వాదించాం. గుడ్లు ఆ ముక్కల్లోనే ఉండిపోయి మలంలో సరిగా కలవవు గనక మైక్రోస్కోపుకు తరచు దొరకవట. చూసే కన్ను ఉంటే అదే పరీక్ష. రాజా చిక్కిపోలేదు, తిండి మానలేదు. చాలా కుక్కలు అంతేనట. నేలమీద కూర్చుని వెనకభాగం ఈడ్చుకుంటూ పోవటం మాత్రం ఉండేది. మేము దాన్ని వీడియో తీసి నవ్వుకున్నాం కూడా. అయితే మలద్వారం పక్కనుండే గ్రంథులు నిండినా కుక్కలు ఆ పనే చేస్తాయి కాబట్టి అదొక్కటే చూసి బద్దెపురుగు అనుకోకూడదంది ఆవిడ.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నకు మాకు కోపం వచ్చింది. ఇంట్లో ఫ్లీలు ఉన్నాయా అని! ఫ్లీ అంటే మన ఊళ్ళో పశువులకు పట్టే పిడుదు కాదు. పిడుదు పట్టుకుని వేలాడుతుంది, ఇది గెంతి పారిపోతుంది. మా ఇంట్లో అలాంటివేమీ లేవన్నాం. ఆవిడ సన్నపళ్ళ దువ్వెనతో రాజా నడుముమీద దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేసింది. నలుసుల చుట్టూ ఎర్రగా ఊరింది. అది ఫ్లీలు తాగి విసర్జించిన రక్తం. మేమిక మాట్లాడలేదు.

ఫ్లీ పిల్లపురుగు ఆ గుడ్లు తింటుంది. అది పెరిగి పెద్దదై కుక్కను కుడుతుంది. కుక్క దురద పుట్టి కొరుక్కుంటూ ఫ్లీని మింగుతుంది. రెండు మూడు వారాల్లో గింజలు మొదలు. మనిషికైనా ఇదే దారి. గింజను ముట్టుకున్నంత మాత్రాన అంటదు, ఫ్లీ కడుపులోకి వెళ్ళాలి. రాజా మెడమీద నోరు తెరుచుకుని నిద్రపోయే మా పాపకు అదేమంత కష్టం కాలేదు.

పిల్లల డాక్టరు పాప నమూనా లాబుకు పంపితే అదే పురుగని తేలింది. దీన్ని నులిపురుగులుగా పొరబడటం మామూలేనని ఆయన మర్యాదకు అన్నాడు. పైరాంటెల్ బద్దెపురుగు మీద పనిచెయ్యదు. పాపకూ రాజాకూ ఎవరి డాక్టరు వారికి రాసిచ్చిన మందు ఒకటే, ప్రాజిక్వాంటెల్. ఒక్క మోతాదుతో పురుగు పోయింది. ఫ్లీలు మాత్రం అంత సులువుగా పోలేదు. కార్పెట్లో గూళ్ళు కట్టుకున్నవి వారాల తరబడి లేచివస్తూనే ఉన్నాయి. రాజాకు నెలనెలా ఫ్లీ మందు, ఇంట్లో రోజూ వాక్యూము, మూడు నెలలు పట్టింది. అవి ఉండగా పురుగు మందు ఎన్నిసార్లు వేసినా మళ్ళీ మొదటికే వస్తుంది.

అమ్మకు మాత్రం మరో భయం పట్టుకుంది. ఊళ్ళో ఎవరికో కుక్కలవల్ల కాలేయంలో గడ్డ కట్టిందని వినివుంది. అది కల్పన కాదు. హైడాటిడ్ గడ్డలను మేము చదువుకునే రోజుల్లో సర్జరీ వార్డులో చూశాం. ఆంధ్రలో అది కొత్త జబ్బేమీ కాదు. అయితే దాని పురుగు వేరు, ఎకైనోకాకస్. గొర్రెల కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు పచ్చివి తిన్న కుక్కలకు వస్తుంది. ఆ పురుగు మొత్తం కలిపి అర అంగుళమైనా ఉండదు, ముక్కలు కంటికి ఆనవు. దాని గుడ్లు మలంనుంచి నేరుగా మనిషికి అంటుతాయి. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు మాంసం దుకాణం దగ్గర తిరిగే కుక్కను పిల్లలు నిమిరితే చేతులు కడిగించాల్సింది అందుకే. ఇదంతా అమ్మకు చెప్పాం. సగం నమ్మింది.

ఆ సాయంత్రమే పళ్ళెం తెచ్చి టీవీ ముందు పెట్టి, "ఇక్కడే ఏరుకో అమ్మా" అన్నాం. "ఇప్పుడేం ఏరతాన్లే, మీ బియ్యంలో రాళ్ళేవీ!" అంది. నవంబరులో వెళ్ళిపోయింది. ఫోనులో పాప సంగతులన్నీ అయ్యాక, పెట్టేసేముందు, "రాజా దుప్పటి దులిపారా?" అని అడుగుతుంది.