కంచం మధ్యకొచ్చిన కచుంబర్

ముస్లిం అంటే బిర్యానీ. ఈ సమాజం మాకు రాసిచ్చిన ఆస్తి అదొక్కటే. పండగపూట 'బిర్యానీ ఏదీ?' అని అడిగే స్నేహితుల్లో ఒక్కరైనా మిగతా రోజుల్లో మేమేం తింటామో అడగలేదు.

చెప్తాను. అన్నం, ఖట్టీ దాల్. పొద్దున అదే, రాత్రీ అదే. జుమ్మా రోజు కుదిరితే పావుకిలో గోష్, ఎనిమిది మందికి. దర్జీ పనిచేసే అబ్బా సంపాదనకి అదే గొప్ప. ముక్కలు మగవాళ్లకీ పిల్లలకీ పోగా అమ్మీకి మిగిలేది అన్నం, షోర్వా. అదీ అందరూ తిన్నాక. ఆకలైనప్పుడల్లా చక్కెర చాయ్. యాభై దాటకముందే అమ్మీకి షుగరొచ్చింది. తర్వాత కాలి వేలు తీసేశారు.

మొన్న నలభై మూడో ఏట నాకూ షుగరు అంచుల్లో ఉందన్నారు. ఆ డాక్టరు నేనేం తింటానో అడగలేదు. చీటీ మీద పేరు చూశాడు. 'మీవాళ్లు మాంసం తగ్గించాలమ్మా' అన్నాడు. నా పేరే నా కంచమైపోయింది!

తగ్గించాల్సింది అన్నం, చక్కెర, నూనె. అలాగని పత్రికాఫీసులో రాత్రి పదింటిదాకా పనిచేసే నేను నాలుగు కీరముక్కలతో బతకలేను. కడుపు నిండాలి. అందుకే బిర్యానీ పక్కన ఓ మూలకి వేసే కచుంబర్‌ని కంచం మధ్యకి తెచ్చాను.

గుప్పెడు నల్లశనగలు, 60 గ్రాములు, రాత్రే నానేస్తాను. పొద్దున ఉప్పేసి మెత్తగా ఉడికిస్తాను. కీర, క్యారెట్, టమాటా, ఉల్లిగడ్డ, కాస్త క్యాబేజీ సన్నగా తరుగుతాను. ఉడికించిన గుడ్డొకటి. వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు రెండు చెంచాలు. పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మరసం. నూనె చుక్క వెయ్యను. ఒక్క పెద్ద చెంచా నూనెలోనే 120 కేలరీలుంటాయి. కూరగాయలకి ఉప్పు తినేముందే కలపాలి. ముందే కలిపితే కీర నీరొదిలి అంతా చప్పబడిపోతుంది.

మొత్తం గిన్నె ఇంచుమించు 400 కేలరీలు. 300 గ్రాముల వట్టి అన్నమూ దాదాపు అంతే. కానీ అన్నం తిన్న రెండు గంటలకే కడుపు మళ్లీ అడుగుతుంది. శనగల్లో పీచు, మాంసకృత్తులు ఎక్కువ. నెమ్మదిగా అరుగుతాయి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఈ గిన్నెలో 20 గ్రాములకి అటూ ఇటూగా మాంసకృత్తులున్నాయి.

ఆఫీసులో డబ్బా తెరిస్తే 'ఏంటి మేడమ్, బిర్యానీ మానేసి మాలో కలిసిపోయారా?' అన్నాడొకాయన. ఇంటికొచ్చిన ఖాలా 'యే క్యా ఘాస్ ఖారీ బేటీ? గోష్ నై క్యా?' అని ముఖం చిట్లించింది. ఆయనకి నేను మాంసం తింటేనే ముస్లింని. ఖాలాకి దస్తర్‌ఖాన్ మీద గోష్ లేకపోతే ఇజ్జత్ లేదు. ఇద్దరికీ నా ఒంటితో పనిలేదు.

ఇంతకీ ఈ శనగలెవరివి? రంజాన్‌లో ఇఫ్తార్‌కి మేం పెట్టుకునే చనే ఇవే. శ్రావణమాసంలో పక్కింటి అక్క వాయనమిచ్చే శనగలూ ఇవే. శనగ పుట్టిల్లు పశ్చిమాసియా. మిర్చి, టమాటా, పల్లీ సముద్రాలు దాటి అమెరికా ఖండాల నుంచొచ్చాయి. వాటినెవ్వరూ 'మీదే దేశం?' అని అడగరు. ఆ ప్రశ్న మాకే దాచిపెట్టారు.

గోష్ నేను మానలేదు, మానను. నెలకి రెండుసార్లు తింటాను, ఇష్టంగా. ఏం తినాలో నా ఒంటిని బట్టి నేను తేల్చుకుంటాను. నా పేరుని బట్టి ఇంకొకళ్లు కాదు.

అమ్మీకి పళ్లు కదులుతున్నాయి. తన వాటా శనగలు ఇంకో రెండు విజిళ్లు ఎక్కువ ఉడికిస్తాను. మా ఇంట్లో ఇప్పుడు అందరికన్నా ముందు తినేది అమ్మీయే.