పల్లీపట్టీలకు పోయిన నాణేలు

చాలా రోజులకు పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మా అన్న కొడుకు దీపావళికి ఆన్‌లైన్‌లో మెటల్ డిటెక్టర్ తెప్పించాడు. నాందేడ్‌లో మనకు తెలిసిన డిటెక్టర్ అంటే రైల్వే స్టేషన్ గేటు దగ్గర కూత పెట్టేదే. ఇది చేతికర్రలా ఉంటుంది, కింద తీగచుట్ట. నేలలో లోహం ఉంటే మోగుతుంది. నాణెమంత వస్తువైతే జానెడు లోతు దాకా పసిగడుతుంది. ఆదివారం ఇద్దరం గోదావరి ఒడ్డుకు పోయాం. రెండు గంటలు తిరిగితే సీసా మూతలు, తుప్పు మేకులు, ఒక పావలా బిళ్ల దొరికాయి. ఆ పావలాకే వాడు గంతేశాడు. నిజం చెప్పాలంటే నేనూ.

అప్పుడన్నాడు, "చిన్నాయనా, సంక్రాంతికి ఊరికి పోతం గద, మిషన్ పట్టుకొని కోటిలింగాలకు పోదాం. ఆడ శాతవాహనుల పైసలు దొరుకుతయట."

దొరికిన మాట నిజమే. ఇదే గోదావరి కిందికి పారి, జగిత్యాల జిల్లాలో పెద్దవాగు కలిసే చోట ఉన్న ఊరది. వానలకు మట్టి కొట్టుకుపోయి పాటిదిబ్బ మీద నాణేలు తేలేవి. సంగనభట్ల నరహరి శర్మ, ఠాకూర్ రాజారాం సింగ్ గార్లు అలాంటివి సేకరించి, డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి దృష్టికి తెచ్చారు. సిముకుడి పేరు, అంతకు ముందు ఏలిన గోభద, సమగోపుల పేర్లు అలా బయటికొచ్చాయి. తర్వాత పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది.

"వాళ్లు జేసింది గూడ ఏరుడే గద?" అన్నాడు వాడు.

వాళ్లు వాన పైకి తెచ్చినదాన్ని తీశారు, ఎక్కడ దొరికిందో చెప్పారు. మిషన్ మోగిన చోటల్లా గడ్డపార వేస్తే నాణెం చేతికొస్తుంది, అది ఏ పొరలో ఉంది, పక్కన ఏ కుండపెంకు ఉంది అన్నది పోతుంది. నాణెం మీద పేరుంటుంది గానీ ఎవరి తర్వాత ఎవరన్నది చెప్పేది ఆ పొరే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నాకు పదేళ్లప్పుడు ధర్మపురి దగ్గర మా తాత చేనులో నాగటికి చిన్న కుండ తగిలింది. నిండా నల్లబడ్డ బిళ్లలు. పిల్లలం పాతసామాన్లతనికి తూకానికిచ్చి పల్లీపట్టీలు తిన్నాం. అవి ఎవరివో ఇక తెలియదు. ఆ చేను కూడా చేతులు మారింది.

చట్టం సంగతి కూడా వాడికి చెప్పాను. 1878 నాటి నిధి చట్టం ఇంకా ఉంది: పది రూపాయల విలువ దాటినది భూమిలో దొరికితే కలెక్టరుకు రాసివ్వాలి, దాచితే జైలు. ఇంగ్లండులో అయితే ఇలాంటి మిషన్లవాళ్లు తమకు దొరికినవి నమోదు చేయించుకోవడానికి 1997 నుంచి ఒక పథకమే ఉంది. ఇక్కడ అలాంటిది ఉంటే మావాడు మొదటి వరుసలో నిలబడేవాడు.

వాడు ఊరుకోలేదు. "ఎల్లంపల్లి నీళ్లకు సగం దిబ్బ మునుగుతనే ఉండె. నీళ్లల్ల పొయ్యేది మనం తీస్తే తప్పా?"

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ పూర్తిగా లేదు. చివరికి మిషన్ ఇంట్లో పెట్టి, ఫోనుతో ఫోటోలు మాత్రం తీద్దామని ఒప్పుకున్నాడు. నిన్న అదే మిషన్‌తో మా వదిన పెరట్లో పోగొట్టుకున్న మెట్టె వెతికి పెట్టాడు.

మీ ఇళ్లలో ఊరి నుంచి తెచ్చిన పాత బిళ్లలుంటే, దయచేసి చింతపండుతో తోమకండి. ఏ ఊరు, ఏ చేను, ఎవరికి దొరికిందో ఒక చీటీ మీద రాసి దానితో పాటే పెట్టండి.