స్ప్రింగ్ 3.2కి వెబ్‌సాకెట్ ఎక్కించాలంటే

ఏం తమ్ముడూ, రాత్రి చాలాసేపు మీ మేడ మీద గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఆ పాత ప్రాజెక్టేనా? "మావాడికి ఎవరో రాసి వదిలేసిపోయిన కోడు అంటగట్టారంట" అని అత్తయ్య తెగ బాధపడింది. అంటగట్టారని అనుకోకు. జనం ఇంకా రోజూ వాడుతున్నారు కాబట్టే దానికొక మనిషి కావాల్సొచ్చింది, ఆ మనిషివి నువ్వయ్యావు.

వడ్ల రేటు మారితే తెర మీద దానంతటదే మారాలి, ఎవరూ రిఫ్రెష్ నొక్కకూడదు. మిల్లుల వాళ్లు అడిగింది ఇదే కదా? ఉన్నదేమో స్ప్రింగ్ 3.2, కింద టామ్‌క్యాట్ 7. స్ప్రింగులో వెబ్‌సాకెట్ వచ్చింది 4.0తో, 2013 డిసెంబరులో. ఒక్క మెట్టు తేడాలో నీకు తప్పిపోయింది.

"అంత పాతదైతే తీసేసి కొత్తది పెట్టుకోరాదా?" అంటున్నావా అత్తయ్యా? అడగాల్సిన మాటే అడిగావు. ఇప్పుడు స్ప్రింగ్ 6కి పోవాలంటే జావా 17 ఉండాలి. జావాఎక్స్ అని మొదలయ్యే సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లన్నీ జకార్తా అని మార్చాలి. వాటి మీద ఆధారపడ్డ లైబ్రరీలన్నీ కదలాలి. వానాకాలం వడ్లు లారీలకు లారీలు దిగే రోజుల్లో ఆ పని పెట్టుకుంటే మిల్లు దగ్గర కాంటా ఆగిపోతుంది. ఆ మార్పు ఎప్పటికైనా చేయాల్సిందే, కాదనను. కానీ అది చేసేదాకా వాళ్లకి ఈ చిన్న సౌకర్యం ఇవ్వలేమని చెప్పడం నాకు నచ్చదు.

కోతలప్పుడు మామయ్య ఏం చేస్తాడు? పది నిమిషాలకోసారి మిర్యాలగూడకు ఫోన్ కొట్టి "రేటెంత?" అంటాడు, అవతల వాళ్లు "అంతే ఉంది" అని పెట్టేస్తారు. ఇప్పుడు తమ్ముడి పేజీ చేస్తున్నదీ అదే. వెబ్‌సాకెట్ అంటే ఒకసారి కలిపిన ఫోను పెట్టేయకుండా ఉంచడం. రేటు మారితే వాళ్లే చెబుతారు, మామయ్యకు ఏదన్నా అనాలంటే అదే లైన్లో అంటాడు.

లైను కలిసే తీరు చూడు తమ్ముడూ, చాలా శుభ్రంగా రాశారు. 2011 డిసెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6455లో ఉంది. బ్రౌజరు పంపేది మామూలు గెట్ రిక్వెస్టే. అందులో అప్‌గ్రేడ్ అనే హెడరు, దానితో పాటు 16 బైట్ల ఒక తాళంచెవి, బేస్64లో. సర్వరు ఆ తాళంచెవి వెనక, ప్రమాణంలోనే రాసి ఉన్న ఒక స్థిరమైన అక్షరాల వరుస అతికించి, షా-1 కట్టి, మళ్లీ బేస్64 చేసి, 101 కోడుతో తిరిగి పంపుతుంది. లెక్క సరిపోతే అదే టీసీపీ కనెక్షను మీద హెచ్‌టీటీపీ మాట అయిపోతుంది, వెబ్‌సాకెట్ మాట మొదలవుతుంది. వెయ్యి రేట్ల మార్పులు పంపినా మళ్లీ కుకీలూ హెడర్లూ మోయక్కర్లేదు. చిన్న సందేశానికి సర్వరు వైపు నుంచి పైన పడేది రెండు బైట్లు.

ఇదంతా నువ్వు రాయక్కర్లేదు, టామ్‌క్యాట్ వాళ్లు ఎప్పుడో రాశారు. జావాలో వెబ్‌సాకెట్ ప్రమాణం, జేఎస్ఆర్ 356, 2013లో జావా ఈఈ 7తో వచ్చింది. దాన్ని టామ్‌క్యాట్ 8 కోసం కట్టారు. 7 వాడేవాళ్లని మీ ఖర్మ అని వదిలేయలేదు. అదే ఏడాది అక్టోబరులో 7.0.47లోకి దాన్ని వెనక్కి తెచ్చారు. టామ్‌క్యాట్ 7 జావా 6 మీద కూడా నడుస్తుంది, ఈ కొత్త భాగానికేమో జావా 7 కావాలి. అందుకని జావా 6 మీద లేస్తే, వెబ్‌సాకెట్ అందుబాటులో లేదని లాగులో ఒక మాట రాసి, ఆ మాట కనబడకూడదంటే ఏ జార్లు తీసేయాలో కూడా చెప్పి, మిగతా పని మామూలుగా చేసుకుపోతుంది. అంతకు ముందు నడుస్తున్నది ఏదీ ఆగలేదు. బ్యాక్‌పోర్టు చేసేవాడికి ఉండాల్సిన మర్యాద అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక జాగ్రత్త. 7.0.27 నుంచే టామ్‌క్యాట్‌కి సొంత వెబ్‌సాకెట్ ఏపీఐ ఒకటి ఉండేది. కాటలీనా ప్యాకేజీ పేరుతో వెబ్‌సాకెట్‌సర్వ్‌లెట్ కనబడితే అది పాతది, 8లో తీసేశారు. దాని మీద కొత్తగా ఒక్క లైను కూడా రాయకు.

ఇక స్ప్రింగ్ వైపు. 4.0 నుంచి వెబ్‌సాకెట్ జారు ఒక్కటి తెచ్చి 3.2 పక్కన పడేస్తే చాలనుకుంటారు చాలామంది. పడదు. దానికి కావాల్సిన కోర్ క్లాసులు నీ దగ్గర లేవు, నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్ఎర్రరో నోసచ్‌మెథడ్ఎర్రరో వచ్చి కూర్చుంటుంది. స్టాంపు, సాక్‌జేఎస్, మెసేజ్ బ్రోకర్, ఇవన్నీ వదిలెయ్. రేటు చూపించడానికి అవేవీ అక్కర్లేదు. నీకు కావాల్సింది ఒకే ఒక్క అతుకు. సర్వర్ఎండ్‌పాయింట్ అని రాసిన క్లాసుని పుట్టించేది టామ్‌క్యాట్, స్ప్రింగ్ కాదు. అందుకే అందులో ఆటోవైర్డ్ పెడితే నల్ వస్తుంది. 4.0లో స్ప్రింగ్‌కాన్ఫిగరేటర్ అనే చిన్న క్లాసు ఈ పని చూస్తుంది. అలాంటిదే నువ్వూ రాసుకో: గెట్ఎండ్‌పాయింట్ఇన్‌స్టెన్స్‌ని మార్చి, కాంటెక్స్ట్‌లోడర్‌ని అడిగి బీను తెచ్చివ్వు. అక్కడ దొరికేది రూట్ కాంటెక్స్ట్, డిస్పాచర్ సర్వ్‌లెట్ లోపల పెట్టిన బీన్లు దానికి కనబడవు. రేట్ల సర్వీసుని రూటులోకి జరుపు. వాళ్ల క్లాసే కాపీ చేసుకుంటే మాత్రం పైనున్న అపాచీ లైసెన్సు మాటల్ని చెరపకు. ఎవరి కష్టం వాళ్ల పేరు మీదే ఉండాలి.

అసలు గొడవ ఇంకోచోట ఉంది. ఒకే సెషనుకి రెండు థ్రెడ్లు ఒకేసారి పంపబోతే టామ్‌క్యాట్ ఇల్లీగల్‌స్టేట్ఎక్సెప్షన్ విసురుతుంది, రిమోట్ ఎండ్‌పాయింట్ టెక్స్ట్ ఫుల్ రైటింగ్ స్థితిలో ఉందంటూ. ఒక్కడివే కూర్చుని పరీక్షిస్తే ఇది కనబడదు. సన్నాలూ దొడ్డువీ రెండు రేట్లూ ఒకేసారి మారినరోజు కనబడుతుంది. స్ప్రింగ్ 4లో దీనికి తయారుగా ఒక తొడుగు క్లాసు ఉంది. నీకు లేదు కాబట్టి ఒక్కో సెషనుకీ ఒక వరుస పెట్టి, ఒకటి పోయాకే ఇంకోటి పంపు. నెట్ నెమ్మదిగా ఉన్నవాడి వరుస పెరిగిపోతుంటే పాత రేటు పారేసి తాజాది ఉంచు. రైతుకి పది నిమిషాల కిందటి రేటుతో పనేముంది?

టామ్‌క్యాట్ ముందు ఎన్జిన్ఎక్స్ ఉందా? 1.3.13 నుంచీ వెబ్‌సాకెట్‌ని దాటనిస్తుంది, కాకపోతే అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు నువ్వే రాయాలి. 60 సెకన్లు అవతల నుంచి ఏమీ రాకపోతే కోసేస్తుంది కూడా. మధ్యాహ్నం రేటు కదలదు కదా, అప్పుడే తెగుతుంది. అర నిమిషానికోసారి సర్వరు నుంచి పింగ్ పంపు.

నా మాట వింటే టామ్‌క్యాట్ 7ని మాత్రం ఉంచకు. దాని సేవ 2021 మార్చి 31తో ముగిసింది, లోపాలు బయటపడినా సరిచేసేవాళ్లు లేరు. టామ్‌క్యాట్ 9లో ఇంకా జావాఎక్స్ పేర్లే ఉన్నాయి, జావా 8 చాలు. దాని మీద నీ 3.2 అప్లికేషను నడుస్తుంది. క్లాసులు మాత్రం 1.7 టార్గెట్‌తోనే కంపైల్ చెయ్, లేకపోతే 3.2 తొలి రిలీజుల్లో కాంపొనెంట్ స్కానింగ్ తడబడుతుంది. కింది అంతస్తు కొత్తదైతే పైన స్ప్రింగ్ సంగతి వడ్లు అయిపోయాక తీరిగ్గా చూసుకోవచ్చు.

సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని రా, ఆ కాన్ఫిగరేటర్‌లోనే చెక్ఆరిజిన్ కూడా రాయిద్దాం. వెబ్‌సాకెట్‌కి బ్రౌజర్లో సేమ్ ఆరిజిన్ కాపలా ఉండదు, లాగిన్ కుకీ మాత్రం వెంట రావచ్చు. వేరే ఏ పేజీ నుంచైనా మిల్లు వాళ్ల పేరుతో లైను కలపొచ్చు. అది రాయకుండా సర్వరు మీద పెట్టొద్దు.