అనంతగిరి వాలులో చిన్న సైకిలు

హైదరాబాదుకు పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో వికారాబాద్ ఉంది. ఊరు దాటిన కొద్దిసేపటికే రోడ్డు అనంతగిరి అడవిలోకి ప్రవేశిస్తుంది. టేకు చెట్లు, ఎర్రమట్టి, వాన వెలిసిన తరువాత కాలికింద జారే మొరం. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. 1908లో హైదరాబాదును ముంచెత్తిన ఆ నది, ఇక్కడ పిల్లలు దాటగలిగే సన్నని వాగుగా కనిపిస్తుంది. మా అమ్మాయి అత్తవారిల్లు ఈ ఊరే. మదరసాకు సెలవులు దొరికినప్పుడల్లా నేను వస్తుంటాను.

ఈసారి నన్ను రప్పించినది ఒక సైకిలు. నిరుడు పండుగకు ఎనిమిదేళ్ల మనవడికి నేనే కొనిచ్చాను. ఇరవై అంగుళాల చక్రాలు, లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, ఆరు గేర్లు. చూడముచ్చటగా ఉందని మురిసిపోయాను. రెండు నెలల క్రితం వాడు కొండవాలులో ఆపలేక పడ్డాడు. ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. "బ్రేకు అందలేదమ్మీ" అన్నాడట. మా అమ్మాయి ఫోనులో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందువల్లనే ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కట్టు విప్పిన తరువాత కూడా వాడు సైకిలు దగ్గరకు వెళ్లలేదు. అమ్మివేద్దామన్న అల్లుడిని ఒక్క వారం గడువు అడిగాను.

ముందుగా ధాన్యం కొట్టు కాటాపై సైకిలును తూచాము. 16 కిలోలు! పిల్లవాడు 25 కిలోలు. ఆ లెక్కన 70 కిలోల నేను 45 కిలోల సైకిలు తొక్కాలి. ఎక్కుడులో వాడు ఎందుకు ఆయాసపడేవాడో అప్పుడు అర్థమైంది.

మరమ్మతు చేసే వృద్ధుడు సైకిలును ఒకసారి చుట్టి చూసి, "మౌలానా సాబ్, చక్రాలు పిల్లగానియే, బ్రేకులు మాత్రం పెద్దోళ్లయి" అన్నాడు. మనవడి చేతిని హ్యాండిల్‌పై పెట్టి చూపించాడు. వేలి కొన మాత్రమే లీవరును తాకుతోంది. లీవరు మొదట్లో ఒక చిన్న మర ఉంటుంది. దానిని బిగించేకొద్దీ లీవరు హ్యాండిల్‌కు దగ్గరవుతుంది. ఖర్చు లేని పని, రెండు నిమిషాల పని. కొన్ననాడే చేయించవలసినది. లీవరు దగ్గరైతే అది నడిచే దూరం తగ్గుతుంది కనుక తీగలు, బ్రేకు రబ్బర్లు కొత్తవి వేసి, రబ్బర్లను రిమ్ముకు దగ్గరగా అమర్చాడు.

స్ప్రింగుల ఫోర్కును కూడా తీసివేయమన్నాడు. పాతిక కిలోల పిల్లవాడి బరువుకు అది అణగనే అణగదు, మోయడానికి మాత్రమే ఉంది. అదే కొలతకు సరిపడే మామూలు ఫోర్కు వేస్తే కిలోకు పైగా బరువు తగ్గింది. వెనుక ఫ్రీవీల్‌లో పెద్ద చక్రానికి 28 పళ్లు ఉండేవి. 34 పళ్లది వేసి, గొలుసు పొడిగించాడు. ముందు చక్రానికి 36 పళ్లు. తొక్కుడుకు రెండు మీటర్లు కదిలే సైకిలు ఇప్పుడు సుమారు 1.6 మీటర్లు కదులుతుంది. ఆ మేరకు ఎక్కుడు తేలికవుతుంది.

టైర్లలో గాలి రాయిలా ఉండేది. మొరంపై అటువంటి టైరు ఎగిరిపడుతుంది, నేలను పట్టుకోదు. 25 పౌండ్లకు తగ్గించి, బొటనవేలితో నొక్కి చూడమన్నాడు. కొద్దిగా లొంగింది. పాదాల ముందుభాగం నేలకు ఆనేటట్లు సీటు దించాము. హెల్మెట్ కొన్నాము.

మరునాడు ఫజ్ర్ తరువాత బయలుదేరాము. వాడు సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. నేను బలవంతపెట్టలేదు. చదునైన చోట కర్రతో ఎర్రమట్టిపై గీత గీసి, దాని దగ్గర ఆపమన్నాను. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా, ఒళ్లు వెనక్కి వాల్చి. మొదటిసారి గీత దాటిపోయాడు. ఐదారుసార్ల తరువాత గీతపైనే నిలిచాడు. లీవరును మళ్లీ మళ్లీ నొక్కి చూసుకోవడం గమనించాను. అప్పుడు తానే వాలు వైపు తిరిగాడు.

పడిన చోటు కాదు, దానికి చాలా కింద నుండి. సగం దూరంలో కావాలనే ఆపాడు, మళ్లీ వదిలాడు, వాగు దగ్గర కాలు ఆనించాడు.

"నానాజాన్, ఇంకా పైనుంచి రానా?"

"రా. అయితే పైకి తొక్కుకుంటూనే వెళ్లు. ఆ 34 పళ్ల చక్రానికి డబ్బులిచ్చింది నేను" అన్నాను.