అడ్డకట్టె

మా బాల్కనీ తలుపు తాళం 2025 జూలైలో ఒక సోమవారం పొద్దున విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. అల్యూమినియం ఫ్రేములో ఉండే చిన్న కొక్కెం ఊడి నా చేతిలోకి వచ్చింది, అంతే. ఆ రోజు నుంచి తలుపు ఎవరు తోసినా జరుగుతుంది.

మేముండేది కిష్టారెడ్డిపేటలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో. బాల్కనీ అని పేరే గానీ పిట్టగోడ దాటితే ఖాళీ ప్లాటు, తుమ్మచెట్లు, అవతల కడుతున్న ఇంకో అపార్ట్‌మెంటు. ఆ వారం మా ఆయనకు పాశమైలారంలో నైట్ షిఫ్టు. రాత్రి కంపెనీ బస్సెక్కితే మళ్లీ పొద్దున ఏడింటికే రావడం. ఇంట్లో నేను, అత్తమ్మ, ఆరేళ్ల పాప. హార్డ్‌వేర్ షాపతను కొక్కెం చూసి, "తెప్పియ్యాలమ్మా, వారం పడ్తది" అన్నాడు.

వారం అంటే ఏడు రాత్రులు.

మొదట మాప్ కర్రను ట్రాక్‌లో పడుకోబెట్టాను. లోపల బోలు. మోకాలితో నొక్కితే వంగింది. మర్నాడు వడ్రంగి దగ్గర గట్టి చెక్క బద్దె తెచ్చాను. కొలత దగ్గర కూడా తప్పు చేశాను. రెండు వేళ్లు పొట్టిగా కోయించాను. తలుపు రెండు వేళ్లు తెరుచుకుంది. ఆ సందులోంచి తీగ పెట్టి బద్దెను ఎత్తేయొచ్చు. ఖాళీ 33 అంగుళాలు. ఈసారి పావు అంగుళం మాత్రమే తగ్గించి కోయించాను. సరిగ్గా కూర్చుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున అత్తమ్మ బాల్కనీలో నిలబడి తులసికి నీళ్లు పోస్తోంది. బద్దె ట్రాక్‌లో అలాగే ఉంది.

"ఎట్ల పోయినవ్ అత్తమ్మా?"

"ఇటు రెక్కకు కట్టె పెట్టినవ్ బిడ్డా. అటు రెక్కనెవరు చూడాలె?"

నిజమే. రెండు రెక్కలు, రెండు గాడులు. లోపలి గాడిలో బద్దె పెడితే లోపలి రెక్కే ఆగుతుంది. బయటి రెక్క తన దారిన తాను జరుగుతుంది. నేను హాయిగా నిద్రపోయింది తెరిచిన ఇంట్లో.

డ్రిల్లింగ్ చేసే పిలగాణ్ణి పిలిచాం. రెండు రెక్కల ఫ్రేములూ ఒకదానిమీద ఒకటి వచ్చేచోట, అద్దానికి తగలకుండా రంధ్రం వేసి మేకు దూర్చాడు. ఇప్పుడు ఏ రెక్కా కదలదు. అయిపోయిందనుకుంటుండగా మేకు తీసి, ఒక రెక్కను రెండు చేతులతో పైకి లేపి, కింద గాడిలోంచి బయటికి తీసి చూపించాడు. బిగించేటప్పుడు ఎలా ఎక్కిస్తారో అలాగే దించొచ్చట! రెక్క లేవకుండా పై గాడిలో రెండు స్క్రూలు బిగించి, "ఇగ ఫికర్ లేదక్కా" అని వెళ్లిపోయాడు.

అత్తమ్మ ఒప్పుకోలేదు. వాళ్ల పుట్టింట్లో దర్వాజ వెనక అడ్డగడియ ఉండేదట. గోడలో రంధ్రంలోంచి లాగి, అవతలి గోడ రంధ్రంలోకి తోసే మొద్దు. చీకట్లో చిన్నపిల్లలు కూడా తీసేవాళ్లట.

"దొంగ సంగతి సరే. లోపలేమన్నా అయితే మనమెట్ల ఉరకాలె?"

జూన్ 30న పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా పోయి అప్పటికి నెల కూడా కాలేదు. మా ఆయనది వేరే కంపెనీ. అయినా ఆ పొద్దున ఆయన ఫోన్ ఎత్తేదాకా మేమిద్దరం గోడకు ఆనుకుని ఎట్లా కూర్చున్నామో మాకు తెలుసు. అత్తమ్మ ఎందుకు అడిగిందో నేను అడగలేదు.

మేకు తలకు, బద్దె కొసకు పాప పాత ఎర్ర రిబ్బన్లు కట్టాం. లైట్లార్పి పాపతో తీయించాం. మొదటిసారి మేకు దొరక్క ఏడ్చింది. నాలుగోసారికి పది లెక్కపెట్టేలోగా తలుపు తెరిచింది.

తొమ్మిదో రోజు కొత్త కొక్కెం వచ్చింది. బద్దె ఇప్పుడు బీరువా వెనక ఉంటుంది. నైట్ షిఫ్టు వారాల్లో మాత్రం అత్తమ్మ దాన్ని తీసి ట్రాక్‌లో పెట్టి, రిబ్బన్ బయటికి కనబడేలా సర్ది, అప్పుడు పడుకుంటుంది.