38వ ఏట తొలి డ్యూటీ

నడివయసులో కొత్త పని నేర్చుకోబోయే స్త్రీని చూసి, "ఇప్పుడు నీకెందుకమ్మా ఈ తిప్పలు?" అని అడిగేవారే మన పల్లెల్లో ఎక్కువ. నన్నూ అడిగారు. అలా అడిగించుకుంటున్న అక్కచెల్లెళ్ళు ఇంకా ఎందరో ఉన్నారు గనుక, నా అనుభవంలో తెలిసిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

నేను మునుగోడు ప్రాంతంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పన్నెండేళ్ళు లెక్కలు చెప్పాను. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడ్డాయి. నా జీతం ఆగిపోయింది. మా వారు లారీ డ్రైవరు. ఆ నెలల్లో ఆయన బండి కూడా సరిగా తిరగలేదు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. అప్పటికే నాతో పనిచేసిన టీచర్లు కొందరు కూలికి వెళ్తున్నారు, ఒకరు కూరగాయలు అమ్ముతున్నారు. నేను జనరల్ నర్సింగ్ కోర్సులో, అంటే జి.ఎన్.ఎం.లో చేరాను. అప్పుడు నాకు 34 ఏళ్ళు. నేను చేరిన నాటి నిబంధన ప్రకారం ఆ మూడేళ్ళ చదువుకు 35 ఏళ్ళే పైహద్దు. "వచ్చే ఏడు చూద్దాం, ఆ పై ఏడు చూద్దాం" అనుకుని ఉంటే ఆ తలుపు మూసుకుపోయేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల, మిడ్‌వైఫ్‌ల సంవత్సరంగా పాటించింది. ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి ఆ ఏటికి 200 ఏళ్ళు. ఇంటివారు చాలాకాలం ఒప్పుకోనందున ఆమె కూడా 31వ ఏట, 1851లో గాని శిక్షణకు వెళ్ళలేకపోయింది. జర్మనీలోని కైసర్స్‌వర్త్‌లో పాస్టరు ఫ్లీడ్నర్ 1836లో ప్రారంభించిన సంఘ పరిచారకురాండ్ర గృహంలో ఆమె రోగుల సేవ నేర్చుకుంది. ఆల్బర్ట్ ష్వైట్జర్ అప్పటికే పేరుపొందిన బైబిలు పండితుడు, ఆర్గన్ వాద్యకారుడు. అయినా ముప్పయ్యో ఏట వైద్యం చదవ మొదలుపెట్టి, 1913లో 38 ఏళ్ళ వయసున ఆఫ్రికాలోని లాంబరెనే చేరాడు. అంతటివారితో నన్ను పోల్చుకోవడం లేదు. ఆలస్యంగా బయలుదేరినవారు కూడా మొదటి మెట్టు నుంచే ఎక్కవలసి వచ్చిందని గుర్తు చేస్తున్నానంతే.

నా మొదటి మెట్టు నల్గొండలోని ఒక ఆసుపత్రి. 2024లో అక్కడ చేరినప్పుడు వార్డులో నాకు పై సిస్టర్ ఎవరనుకున్నారు? నా దగ్గర ఏడో తరగతి లెక్కలు నేర్చుకున్న అమ్మాయే! ఆమె నన్ను "టీచర్" అంటుంది, నేను ఆమెను "సిస్టర్" అంటాను. మొదటి రోజే మందుల ట్రే దగ్గర నిలబెట్టి చెప్పింది: "టీచర్, ఏ పేషెంటుకు, ఏ మందు, ఎంత మోతాదు, ఏ విధంగా, ఏ టైముకు – ఇవి ఐదూ ప్రతిసారీ చూసుకోవాలి. లెక్క చేశాక సరిచూసుకోమని మీరే మాకు చెప్పేవారు కదా, అట్లనే."

500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలని డాక్టరుగారు రాస్తారు. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టయితే మొత్తం 10,000 చుక్కలు. 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఇంచుమించు 42. ఇది నాకు నోటిలెక్క. కాని ముసలమ్మ చేతిలో నరం దొరకబుచ్చుకోవడం ఏ లెక్కలోనూ లేదు. అది ఆ అమ్మాయే పక్కన నిలబడి నేర్పింది.

నాలుగో రాత్రి డ్యూటీకి కాళ్ళు వాచిపోయాయి. ఇంట్లో చిన్నపాపకు జ్వరం. ఇది నా వల్ల కాదని రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్నాను. ఆ రాత్రి మర్రిగూడ వైపు నుంచి ఒక తాత వార్డులో ఉన్నాడు. ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగి ఆయన మెడ, వెన్ను బిగుసుకుపోయాయి. ఇప్పుడు వాళ్ళ ఊరికి నల్లా నీళ్ళు వస్తున్నా, బిగిసిన ఎముకలు తిరిగి వంగవు కదా. "బిడ్డా, నన్ను కట్టె లెక్క తిప్పాలె. మెడ ఒక దిక్కు, నడుము ఒక దిక్కు పోతే పాణం పోతది" అన్నాడు.

మా అత్తమ్మ నడుమూ అలాంటిదే. ఆమె పోయేదాకా నాలుగేళ్ళు నేనే చూసుకున్నాను. ఆయాను పిలిచి, ఒకరం భుజం, ఒకరం తుంటి పట్టుకొని, ఒక్కసారిగా తిప్పాము. అంతవరకు ఇంట్లో నేర్చిన పని. వీపున చర్మం ఎర్రబడిందేమో చూడడం, రెండు గంటలకొకసారి మళ్ళీ తిప్పడం, తిప్పిన టైము చార్టులో రాసి పొద్దున వచ్చే సిస్టర్‌కు అప్పగించడం – ఇది చదువు నేర్పిన పని. ఈ రెండూ కలిసినప్పుడే నేను నర్సునయ్యానని నాకనిపించింది. తెల్లవారి వెళ్ళబోతుంటే తాత అడిగాడు: "మళ్ళ రాత్రికి నువ్వే వస్తవా, బిడ్డా?" వస్తానన్నాను. జీతం అవసరమూ ఉంది, అది దాచడం లేదు. కాని ఆ కాగితం చింపింది మాత్రం ఆ మాట వలననే.

చదవాలనుకునే సహోదరీ, ముందుగా వయసు నిబంధన కనుక్కో. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకో. నీకంటె చిన్నవారి దగ్గర నేర్చుకోవడానికి సిద్ధపడు. నీ వెనుకటి బ్రతుకు వృథా కాదు. అయితే అది నేర్చుకోవలసినదాన్ని తగ్గించదు.

ఇంటివారికి, సంఘస్థులకు కూడా ఒక మనవి. రాత్రంతా మేల్కొని వచ్చిన మనిషిని పగలు నిద్రపోనివ్వండి. ఆదివారం ఆరాధనకు ఎందుకు రాలేదని అడిగే ముందు, ఏ డ్యూటీ నుంచి వచ్చావమ్మా, అన్నం తిన్నావా అని అడగండి.